నల్లపొగ గొట్టాల చుట్టూ పేరుకున్న బురద: తీయడం, కొలవడం, నమ్మడం

అందరికీ నమస్కారం.

2024 డిసెంబరులో మన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధనా కేంద్రం కలిసి హిందూ మహాసముద్రంలో 4,500 మీటర్ల లోతున ఒక వేడినీటి ఊటను ఫోటో తీశాయి. పత్రికల్లో మీలో చాలామంది చూసే ఉంటారు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ ఫోటోలో కనిపించని సంగతి. ఊట నోట గడ్డకట్టిన ఖనిజాల గొట్టంలోంచి లోహాల నలుసులతో నల్లగా లేచే ఆ పొగ పోయి ఎక్కడ పడుతుంది, పడినదాన్ని పైకి ఎలా తెస్తారు, తెచ్చాక ఎక్కడెక్కడ పొరపాటు పడతారు అన్నది. గొట్టంలోంచి వచ్చే నీళ్లు ఆ రోజు సంగతే చెబుతాయి. పక్కనున్న బురద వేల ఏళ్ల సంగతి చెబుతుంది. కాకపోతే బురద చేత తప్పుడు సాక్ష్యం చెప్పించడం చాలా తేలిక. నా ప్రసంగంలో సగానికి పైగా దాని గురించే.

ముందు నీటి సంగతి, క్లుప్తంగా. సముద్రపు నీరు అడుగున ఉన్న బసాల్ట్ రాయి పగుళ్లలోంచి కిందికి దిగి, శిలాద్రవం వేడికి కాగి, 350 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర తిరిగి పైకి వస్తుంది. 2,500 మీటర్ల లోతులో దాదాపు 250 వాతావరణాల పీడనం ఉంటుంది కాబట్టి అంత వేడిలోనూ సాధారణంగా మరగదు. దిగేటప్పుడు దానిలోని మెగ్నీషియం రాతికి అంటుకుపోతుంది. వచ్చేటప్పుడు ఇనుము, మాంగనీసు, రాగి, జింకు మోసుకొస్తుంది. మామూలు సముద్రపు నీటిలో కిలోకి 53 మిల్లీమోల్ మెగ్నీషియం ఉంటే, అసలైన ఊట నీటిలో సున్నాకి దగ్గర. కాబట్టి మీ సీసాలో 5.3 వచ్చిందంటే అందులో పదో వంతు సముద్రపు నీరు కలిసిందని లెక్క. మిగతా మూలకాలన్నిటినీ ఆ మేరకు సరిచేసుకోవాలి. 1979లో తూర్పు పసిఫిక్ శ్రేణి (సముద్రం అడుగున కొత్త రాయి పుట్టే పర్వతాల వరుస) మీద, 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర తొలిసారి నల్లపొగ గొట్టాలు కనబడినప్పుడు, ఉష్ణోగ్రత చూసే కడ్డీకున్న ప్లాస్టిక్ కరిగిపోయింది. అంత వేడి ఉంటుందని ఎవరూ అనుకోలేదు మరి.

గొట్టం దాటగానే ఆ నీరు రెండు డిగ్రీల చల్లటి సముద్రంలో కలుస్తుంది. చలికాలం తెల్లవారుజామున ఊళ్లో పొయ్యి పొగ కాస్త దూరం నిటారుగా లేచి, ఆపైన ఎక్కలేక ఇళ్లమీద అడ్డంగా పరుచుకుంటుంది చూడండి, ఇదీ అంతే. 200, 300 మీటర్లు లేచేసరికి సుమారు పదివేల రెట్లు పలచబడి, చుట్టూ ఉన్న నీటి సాంద్రతతో సమానమై పక్కలకి పాకుతుంది. ఓడ మీదివాళ్లు గంటకి రెండు నాటికల్ మైళ్ల లోపు వేగంతో పోతూ, నీటి మురికితనం, ఆక్సీకరణ పొటెన్షియల్ కొలిచే సెన్సర్లను పైకీ కిందికీ ఆడిస్తూ వెతికేది ఈ పొరనే. మురికి ఒక్కటే కనిపిస్తే సంబరపడకూడదు. వాలు మీంచి జారిన బురద మేఘం కూడా అలాగే కనిపిస్తుంది. దాంతోపాటు పొటెన్షియల్ కూడా ఠక్కున పడిపోతే ఊట దగ్గర్లో ఉన్నట్టు. ఆ పడిపోవడానికి కారణమైన సల్ఫైడు, ఫెర్రస్ ఇనుము ఎక్కువసేపు బతకవు.

ఎంతసేపు బతుకుతాయన్నదే బురద కూర్పును తేలుస్తుంది. రాగి, జింకు సల్ఫైడు రేణువులు బరువైనవి, చాలావరకు గొట్టం పరిసరాల్లోనే రాలిపోతాయి. కరిగి ఉన్న ఇనుము ఆక్సీకరణ చెంది తుప్పులాంటి నలుసులుగా మారడానికి అట్లాంటిక్‌లో గంట లోపే చాలు. ఆమ్లజని తక్కువగా ఉండే పసిఫిక్ లోతుల్లో కొన్ని గంటలు పడుతుంది. మాంగనీసు అన్నిటికంటే నిదానం, వారాలు మొదలు ఏళ్ల దాకా. అందుకే ఊట నుంచి దూరం పోయేకొద్దీ ముందు రాగి, తర్వాత ఇనుము తగ్గుతాయి, మాంగనీసు చిట్టచివర. ఇనుప నలుసులు పోతూపోతూ సముద్రపు నీటిలోంచి ఫాస్ఫరస్, వెనేడియం, ఆర్సెనిక్, అరుదైన మృత్తిక మూలకాలను పట్టుకుంటాయి. ఈ చివరి మూలకాల్లో, ఊట నీటికి యూరోపియం ఎక్కువగా ఉండటం గుర్తు. సముద్రపు నీటికి సీరియం తక్కువగా ఉండటం గుర్తు. దగ్గరి బురదలో మొదటిది కనిపిస్తుంది, దూరపు బురదలో రెండోది పైచేయి అవుతుంది. కాబట్టి యూరోపియం గుర్తు లేనంత మాత్రాన ఆ ఇనుము ఊటది కాదని తేల్చేయకండి.

ఇక బురద తీసే పని.

శ్రేణి నడినెత్తిన బురద ఉండదు, అక్కడంతా కొత్త రాయి. పక్క లోయల్లో, గుంటల్లో మాత్రం పేరుకుంటుంది, అదీ వెయ్యేళ్లకి ఒకటి రెండు సెంటీమీటర్లు. గుంట ఎక్కడుందో తెలియకుండా కోరు (బురదలోకి గుచ్చి పొరలను నిలువు కడ్డీలా పైకి తెచ్చే గొట్టం) దింపితే బ్యారెల్ రాతికి తగిలి వంగి వస్తుంది. ముందు ధ్వనితో అడుగు ఎత్తుపల్లాలు గీసే మల్టీబీమ్ పటం, ఆపైన అడుగు కింది పొరలను ధ్వనితోనే చూపే 3.5 కిలోహెర్ట్జ్ సబ్‌బాటమ్ ప్రొఫైలర్. నిటారు వాలుల దగ్గర ప్రొఫైలర్‌లో పక్క గోడల ప్రతిధ్వనులు విల్లులా వంగి కనిపిస్తాయి. వాటిని బురద పొరలనుకుని మోసపోవడం మామూలే. చదునుగా, సమాంతరంగా, గుంట అంచు దగ్గర తెగిపోయే గీతలుంటేనే దింపాలి.

పై పొర కావాలంటే బాక్స్ కోరర్. 50 సెంటీమీటర్ల చదరపు పెట్టె, కింద పార మూసుకుంటుంది. చివరి 50 మీటర్లు సెకనుకి అర మీటరు మించకుండా దింపాలి. తొందరపడితే పెట్టె ముందు తోసుకొచ్చే నీళ్లే పైనున్న మెత్తటి పొరను ఊదేస్తాయి. డెక్ మీదికి వచ్చాక పెట్టెలో బురదపైన నిలిచిన నీళ్లు తేటగా ఉన్నాయా చూడండి. కలకబారి ఉంటే ఆ పై పొర నమ్మదగ్గది కాదు, ఫారంలో అలాగే రాయాలి. ఆ నీళ్లను వంచకూడదు, సన్నటి గొట్టంతో లాగాలి.

లోతుకి పోవాలంటే గ్రావిటీ కోరర్. సుమారు టన్ను బరువు తల, కింద 6 మీటర్ల ఉక్కు బ్యారెల్, లోపల 11 సెంటీమీటర్ల ప్లాస్టిక్ లైనర్, కొనకి కటర్, దాని లోపల పైకి రానిచ్చి కిందికి జారనివ్వని రేకు వేళ్ల కోర్ క్యాచర్. సెకనుకి మీటరు చొప్పున దింపి, అడుగు ఇంకా 50 మీటర్లుందనగా ఆపుతారు. రెండు మూడు నిమిషాలు ఊగడం ఆగేదాకా ఉండి, మళ్లీ సెకనుకి మీటరు చొప్పున వదులుతారు. టెన్షన్ మీటరులో బరువు ఒక్కసారిగా తగ్గగానే వైరు వదిలే వించిని ఆపాలి. ఓడ ఊగుడుకి సరిపడా ఇంకో ఐదు నుంచి పది మీటర్లు వైరు వదిలితే చాలు. అంతకు మించితే వైరు అడుగున చుట్టలు పడి, లాగేటప్పుడు ముడిపడి తెగుతుంది. పైకి తీయడం నిమిషానికి పది మీటర్ల చొప్పున మొదలుపెట్టి, బురద వదిలాకే వేగం పెంచాలి. 4,000 మీటర్ల లోతుకి దిగడానికే గంట దాటుతుంది. ఒక్క తప్పుకి పూట పోతుంది.

గ్రావిటీ కోరుతో చిక్కు ఏంటంటే, లైనర్ లోపలి గోడల రాపిడికి బురద అణుగుతుంది, పై పదీ ఇరవై సెంటీమీటర్లు చెదిరిపోతాయి. బ్యారెల్ బయట బురద అంటిన ఎత్తు, లోపల దొరికిన పొడవు, ఈ రెండూ వెంటనే కొలిచి రాసుకోవాలి. ఆ తేడానే అణుగుడు. లోపల సిరంజిలా పిస్టన్ ఉండే పిస్టన్ కోరర్‌ది సరిగ్గా తిరగబడ్డ జబ్బు. వేలాడే బరువు తప్పగానే సాగి ఉన్న వైరు మీటర్ల కొద్దీ వెనక్కి ఎగురుతుంది, దాంతోపాటు పిస్టనూ పైకి లేస్తుంది, బురద సిరంజిలోకి లాగినట్టు లోపలికి వస్తుంది. పొరలు సాగుతాయి. అడుగు భాగంలో నిలువు చారలు కనబడితే అది పొరల చరిత్ర కాదు, పీల్చిన బురద, పక్కన పెట్టేయాలి. అందుకే ఒకే చోట బాక్స్ కోరు, పొడవు కోరు రెండూ తీసి, అయస్కాంత గ్రహణశీలత (బురద అయస్కాంతానికి ఎంత స్పందిస్తుందన్న కొలత) గీతలు పక్కపక్కన పెట్టి జత కలుపుతారు. ఈ జత కలపడం మానేసిన పత్రాల్లో మొదటి సెంటీమీటరుని "నేటి కాలం" అని రాస్తే, నాకైతే నమ్మబుద్ధి కాదు.

డెక్ మీద టైము చూసుకోవాలి. రెండు మూడు డిగ్రీల చలిలో, ఆమ్లజని లేకుండా ఉన్న బురద ఒక్కసారిగా ఉష్ణమండలపు ఎండలోకి వచ్చింది. బూడిద పచ్చగా ఉన్నది కొన్ని గంటల్లో గోధుమ రంగుకి తిరుగుతుంది. లైనర్‌ని మీటరు ముక్కలుగా కోసి, మూతలు బిగించి, ఏ కొన పైదో బాణం గుర్తు పెట్టి, 4 డిగ్రీల గదిలో పెట్టాలి. తలకిందులైన ముక్క తర్వాత ఎవరికీ పట్టుబడదు. బురదలో ఇరుక్కున్న నీరు కావాలంటే నిలువునా చీల్చకముందే, లైనర్‌కి రంధ్రం పొడిచి 0.15 మైక్రాన్ రంధ్రాలున్న రైజాన్ గొట్టాలతో లాగి, వెంటనే ఆమ్లం కలపాలి. ఆలస్యమైతే సీసా అడుగున తుప్పు కనిపిస్తుంది. మీరు కొలవాలనుకున్న ఇనుము అదే.

చీల్చాక ఒక సగం భద్రానికి, ఒక సగం పనికి. ముందు ఫోటో, రంగు, ఆపైన ఎక్స్ కిరణాలతో మూలకాలు చదివే ఎక్స్‌ఆర్‌ఎఫ్ స్కాన్. నమూనా తీసేటప్పుడు లైనర్‌కి ఆనుకున్న సెంటీమీటరు వదిలేయాలి. అది పై పొర కిందికి ఈడ్చుకుపోయిన బురద. ప్లాస్టిక్ గరిటే వాడాలి. జింకు పూత వైరు, గ్రీజు, బ్యారెల్ తుప్పు ఇవన్నీ మనం వెతికే లోహాలే. ఆరబెట్టడం ఫ్రీజ్ డ్రయర్‌లో. 105 డిగ్రీల ఓవెన్‌లో పెడితే సన్నటి సల్ఫైడు రేణువులు ఆక్సీకరణ చెందుతాయి, సల్ఫైడు ఎంత, ఆక్సైడు ఎంత అన్న ప్రశ్నకి జవాబు శాశ్వతంగా పోతుంది.

ఇప్పుడు ఉప్పు. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం, ఎర్రసముద్రాన్నే తీసుకుందాం. 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, దాదాపు 2,000 మీటర్ల లోతులో అట్లాంటిస్ 2 అనే గుంట ఉంది. 1960లలో బయటపడింది. పైన 56 డిగ్రీల వేడి ఉప్పునీరు చెరువులా నిలిచి ఉండేది. ఆ తర్వాతి దశాబ్దాల్లో వేడి 60 దాటింది. ఉప్పునీటి కింద పది నుంచి ముప్పై మీటర్ల మందాన లోహపు బురద. ఉప్పు తీసేసి లెక్కిస్తే దాదాపు 9 కోట్ల టన్నులు, అందులో జింకు 2 శాతం, రాగి అర శాతం దాకా. ఆ "ఉప్పు తీసేసి" అన్న మాట దగ్గరే అసలు కథ. మీ దగ్గర 100 గ్రాముల తడి బురద ఉందనుకోండి. ఆరబెడితే 60 గ్రాముల నీరు పోయింది, 40 గ్రాములు మిగిలింది. ఇరుక్కున్న నీటిలో బరువులో నాలుగో వంతు ఉప్పే అయితే, 60 గ్రాముల నీరు 20 గ్రాముల ఉప్పుని వదిలేసి పోయినట్టు. మిగిలిన 40లో సగం ఉప్పే, అసలు బురద 20 గ్రాములే. యంత్రం జింకు 1 శాతమంటే నిజానికి 2 శాతం. మామూలు సముద్రపు నీరైతే అదే 60 గ్రాములకి రెండు గ్రాములకి కాస్త ఎక్కువ ఉప్పు, 40లో ఐదు శాతం. చిన్నదే, కానీ పొరపొరకీ తడి మారుతుంది కాబట్టి సరిచేయకపోతే ఆ మార్పే గ్రాఫులో లోహం మార్పులా కనిపిస్తుంది. లెక్క వేయడం బద్ధకమై మంచినీళ్లతో కడిగేసేవాళ్లూ ఉన్నారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

కొలవడానికి బురదను ఆమ్లంలో కరిగించడంలో ఇంకో గొయ్యి. ఊట ప్రభావాన్ని తేల్చడానికి బోస్ట్రోమ్, పీటర్సన్ 1960లలో తూర్పు పసిఫిక్ బురదల మీద పని చేసి వాడుకలోకి తెచ్చిన నిష్పత్తి ఒకటుంది. అల్యూమినియంని అల్యూమినియం, ఇనుము, మాంగనీసు మూడింటి మొత్తంతో భాగించడం. నేల మీంచి వచ్చిన మట్టికి అల్యూమినియం ఎక్కువ. ఊటలో అది దాదాపు ఉండదు. మామూలు ఎర్ర బంకమట్టిలో అల్యూమినియం 8.5, ఇనుము 5, మాంగనీసు 0.5 శాతం అనుకుంటే నిష్పత్తి 0.61. ఊట బురదలో 0.6, 18, 5.4 అనుకుంటే 0.025. సుమారు 0.4 కింద ఉంటే ఊట కలిసిందంటారు.

ఆ ఎర్ర మట్టినే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం లేకుండా ఆక్వారీజియాతో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కరిగించారనుకోండి. ఇనుము 4.5 దాకా వచ్చేస్తుంది. సిలికేట్ జాలకంలో ఉన్న అల్యూమినియం మాత్రం మూడో వంతే బయటికొచ్చిందనుకుందాం, 2.8. నిష్పత్తి 0.36. లేని ఊట పుట్టింది! అందుకే ప్రతి బ్యాచ్‌లో అల్యూమినియం విలువ ముందే తెలిసిన ప్రామాణిక బురద ఒకటి పెట్టాలి. అమెరికా భూగర్భ సర్వే వాళ్ల మాగ్-1లో అది దాదాపు 8.7 శాతం ఉండాలి, 5 వస్తే మీ ఫలితాలన్నీ పక్కన పెట్టేయండి. హైడ్రోఫ్లోరిక్‌తో పనంటే టెఫ్లాన్ పాత్రలు, ఫ్యూమ్ హుడ్, చేతికందేలా కాల్షియం గ్లూకోనేట్ జెల్. ఇక్కడ బేరసారాలు లేవు. ఇంతా చేసినా బెరైట్ (బేరియం సల్ఫేటు) సరిగా కరగదు, బేరియం అంకెని అనుమానించాలి.

మనవాళ్లకి పనికొచ్చే ఉచ్చు ఇంకొకటి. గోదావరి, కృష్ణా తెచ్చే ఒండ్రులో దక్కన్ బసాల్ట్ నుంచి వచ్చిన మట్టి చాలా ఉంటుంది. ఆ నల్లరాయిలో అల్యూమినియం సుమారు 7, ఇనుము సుమారు 10 శాతం. నిష్పత్తి గీసుకుంటే 0.41, గీత మీదే. ఈ ఒక్క అంకె చూసి బంగాళాఖాతం అడుగున వేడినీటి ఊటలున్నాయని రాస్తే నవ్వుతారు. కాపాడేది టైటానియం. బసాల్ట్‌లో అది పుష్కలం, ఊట నీటిలో దాదాపు శూన్యం. ఇనుమును టైటానియంతో భాగిస్తే నల్లరాయికి పది లోపే వస్తుంది, ఊట బురదకి వందలు దాటొచ్చు. శ్రేణి పక్కన దొరికే గాజు బసాల్ట్ ముక్కలకీ ఇదే పరీక్ష. సున్నం ఎక్కువున్న బురదలో ఇంకో జాగ్రత్త. 80 శాతం గవ్వల సున్నమే అయితే, అది తీసేసి లెక్కించేటప్పుడు ప్రతి అంకెనీ ఐదుతో గుణించాలి, కొలతలోని తప్పు కూడా ఐదింతలవుతుంది.

మాంగనీసు గురించి ఒక్క మాట. కోరులో ఒక లోతున మాంగనీసు శిఖరంలా లేస్తే అది పాత ఊట విజృంభణ అని తొందరపడకండి. ఆమ్లజని అయిపోయిన లోతులో మాంగనీసు కరిగి, పైకి పాకి, ఆమ్లజని ఉన్న పొర అంచున మళ్లీ గడ్డకడుతుంది. ఆ శిఖరం ఆక్సీకరణ హద్దు దగ్గరే ఉండి, ఇనుము తోడు రాకపోతే, అది కరిగి కదిలినదే. అలాగే రాగి పొర అడుగు పదునుగా తెగి, పైకి పోయేకొద్దీ గింజ సన్నబడితే అది ఊట చుట్టూ పేరుకున్న సల్ఫైడు గుట్ట వాలు మీంచి జారిన బురద. ఊట ఆ రోజు రగిలిందో, చచ్చి వేయేళ్లయి గుట్ట కూలిందో ఆ పొర ఒక్కటే చెప్పలేదు.

శాతాలతో చరిత్ర రాయడం కూడా ప్రమాదమే. పై పొరలో ఇనుము 10 శాతం, వెయ్యేళ్లకి 1 సెంటీమీటరు, పొడి సాంద్రత 0.5. గుణిస్తే చదరపు సెంటీమీటరుకి వెయ్యేళ్లకి 50 మిల్లీగ్రాములు. కింది పొరలో ఇనుము 5 శాతమే, కానీ 3 సెంటీమీటర్లు, సాంద్రత 0.6. వచ్చేది 90. శాతం సగం, రాక మాత్రం దాదాపు రెట్టింపు. కాబట్టి వయసులు కావాలి. ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గవ్వల మీద రేడియోకార్బన్ దాదాపు 50,000 ఏళ్ల దాకా పనికొస్తుంది. పొరలు పక్క వాలుల నుంచి జారి పేరుకున్నాయేమో సరిచూడటానికి థోరియం 230 వాడతారు. సముద్రంలోని యురేనియం నుంచి అది ఒకే వేగంతో పుడుతుంది కాబట్టి రాలేదీ ఇంచుమించు ఒకే వేగంతోనే. అయితే గొట్టానికి మరీ దగ్గర్లో ఇనుప నలుసులు దాన్ని కూడా మామూలు కంటే ఎక్కువగా లాక్కొస్తాయి. అక్కడ ఈ తూకంరాయే బరువు మారుతుంది.

ఇంత కష్టపడితే ఏం తేలుతుంది? 2016లో తూర్పు పసిఫిక్ శ్రేణి కోర్ల మీద లండ్, ఆయన సహచరులు ప్రచురించిన పని చూడండి. గత రెండు మంచు యుగాలు ముగిసే సమయాల్లో ఊటల నుంచి లోహాల రాక పెరిగిందని తేల్చారు. మంచు గట్టిగా ఉన్నప్పుడు సముద్రమట్టం 120 మీటర్ల దాకా పడిపోతుంది. శ్రేణి మీద నీటి బరువు తగ్గుతుంది, కింద శిల ఎక్కువగా కరుగుతుంది, ఆ శిలాద్రవం పైకి రావడానికి వేల ఏళ్లు పట్టి ఊటలు ఆలస్యంగా రగులుతాయన్నది వాళ్ల ఊహ. కారణం మీద ఇంకా వాదన సాగుతోంది. కానీ ఈ ప్రశ్న వేయడానికైనా బురద ఒక్కటే ఆధారం. ఈనాటి గొట్టాలెన్ని చూసినా ఇది తెలియదు.

మన సంగతికొస్తే, 2016లో అంతర్జాతీయ సముద్రతల సంస్థతో భారత్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం మధ్య, నైరుతి హిందూ మహాసముద్ర శ్రేణుల్లో 10,000 చదరపు కిలోమీటర్లలో సల్ఫైడు నిక్షేపాలు వెతుకుతున్నారు. 2025లో కార్ల్స్‌బర్గ్ శ్రేణికి కూడా ఒప్పందం కుదిరింది. వెతుకులాటలో ఆరిపోయిన గుట్టల విలువ ఎక్కువ. వాటి మీద జీవజాలం పలచన, వేడి నీళ్లు పరికరాల్ని తినేయవు. కానీ ఆరిపోయిన గుట్టకి పొగ లేదు, కాబట్టి నీటిలో సెన్సర్లు ఆడించి లాభం లేదు. గుట్ట ఉందని చెప్పేది చుట్టూ కొన్ని వందల మీటర్లలో ఉన్న బురద. అట్లాంటిక్‌లో 26 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, 3,650 మీటర్ల లోతున ఉన్న ట్యాగ్ గుట్ట దీనికి మంచి పాఠం. 200 మీటర్ల వ్యాసం, 50 మీటర్ల ఎత్తు, వేల ఏళ్లుగా రగులుతూ ఆరుతూ వచ్చింది. 1994లో జాయిడిస్ రిజల్యూషన్ ఓడ దాన్ని తవ్వినప్పుడు లోపల అన్‌హైడ్రైట్ విస్తారంగా దొరికింది. ఈ ఖనిజం తీరు తిరకాసు: వేడిలో గడ్డకడుతుంది, 150 డిగ్రీల కిందికి చల్లబడితే సముద్రపు నీటిలోనే కరుగుతుంది. గుట్ట ఆరితే లోపలి అన్‌హైడ్రైట్ కరిగి గుట్ట కూలుతుంది, వాలు మీది సల్ఫైడు జారి బురదలో కలుస్తుంది. ఆ రాగి సల్ఫైడు ఉప్పునీటిలో ఆక్సీకరణ చెంది అటకమైట్ అనే పచ్చటి క్లోరైడుగా మారుతుంది. సూక్ష్మదర్శిని కింద గోధుమ రంగు తుప్పు గింజల మధ్య చిలకపచ్చగా మెరిసే ఆ ఒకటి రెండు గింజలు, పక్కనే ఎక్కడో రాగి గుట్ట ఉందనడానికి గుర్తు.

మంచినీళ్లతో కడగడం సంగతి చెబుతానన్నాను కదా. అటకమైట్ ఉప్పునీటిలో నిలుస్తుంది, మంచినీళ్లలో నిలవదు. అన్‌హైడ్రైట్‌దీ, దాని నుంచి పుట్టే జిప్సందీ అదే గతి. ఉప్పు వదిలిద్దామని మూడుసార్లు కడిగి, వడపోసి, ఆ నీళ్లు సింకులో పారబోస్తే మీరు వెతుకుతున్న గింజలు వాటితోపాటే పోతాయి. అందుకే కోరు చీల్చిన రోజునే ప్రతి పొర నుంచీ ఒక చెంచాడు తడి బురద, కడగనిది, ఆరబెట్టనిది, నత్రజని నింపిన సంచిలో సీలు వేసి చలిపెట్టెలో విడిగా పెట్టండి. ఉప్పు సంగతి కాగితం మీద లెక్కలో తీసేయొచ్చు.